రాయి మీద ఊరి పేరు

రాయి మీద పేరు, తేదీలు, బైబిలు వాక్యం అన్నీ కుదిరాయి. ఊరి పేరు ఒక్కటే మిగిలింది.

మా చర్చి సంఘంలో ఊరి పేరు లేకుండా సమాధి రాయి నిలబెట్టరు. ఇక్కడి శ్మశానంలో మన తెలుగువాళ్ల వరస వెంట నడుస్తూ చదివితే తాడేపల్లిగూడెం, రేపల్లె, బాపట్ల, అమలాపురం అని కనిపిస్తుంటాయి. న్యూజెర్సీ గడ్డిలో ఆ పేర్లు చూసి నా భార్య విమల మొదట్లో నవ్వుకునేది. "రైల్వే టైంటేబుల్ చదువుతున్నట్టుందండీ" అనేది. ఇప్పుడు ఆ వరస చివర ఆమె ఉంది. మట్టి మీద గడ్డి మొలిచింది. రాయి ఇంకా రాలేదు.

శనివారం పొద్దున మా అమ్మాయి ఫెబీ కారు తీసుకుని పిస్కాటవేలో నా ఇంటికి వచ్చింది. నేను ఎక్కేసరికే నా వైపు సీటుకి హీటర్ వేసి వెచ్చగా ఉంచింది. ఎలా ఉన్నావని అడగలేదు. ఈ మధ్య అలా అడగనివాళ్లంటే నాకు కృతజ్ఞతగా ఉంటోంది.

"డాడీ, సౌత్‌పోర్ట్, లాంకషైర్ అని పంపించేశాను. షాపులో ఫైనల్ ప్రూఫ్ చూసి ఓకే చెప్తే చాలు. సోమవారం చెక్కడం స్టార్ట్ చేస్తారు. అలా అయితేనే వర్ధంతికి రెడీ అవుతుంది."

"ఊఁ" అన్నాను.

విమల పోయినప్పటి నుంచి నేను అన్నిటికీ అదే అంటున్నాను. ఏ చీర కట్టాలంటే ఊఁ అన్నాను. ఏ కీర్తన పాడాలంటే ఊఁ అన్నాను. సంఘ పెద్ద రాఘవులు ఫోన్ చేసి, జ్ఞాపకార్థ కూడిక తరవాత బిర్యానీ పెట్టిద్దామా పులావు పెట్టిద్దామా సార్ అని అడిగితే దానికీ ఊఁ అన్నాను. ఆయన కాసేపు ఆగి, రెండూ పెట్టించాడు. దుఃఖం అనడానికి లేదు. ఒంటికి ఏదీ తగలదు, అంతే. పళ్ల డాక్టరు ఇంజక్షన్ చేశాక చెంప తడుముకుంటే ఎలా ఉంటుందో, మనిషి మొత్తం అలా ఉంటాడు.

కారు ఎడిసన్ వైపు తిరిగింది. లాంకషైర్ అన్న మాట చెవిలో ఉండిపోయింది.

మేము అమెరికా రాకముందు చాలాకాలం ఇంగ్లండులో ఉన్నాం. సౌత్‌పోర్ట్ అనే ఊళ్లో నేను మందుల షాపులో ఫార్మసిస్టుని. పూలతోటలు, నీడనిచ్చే అద్దాల చూరులున్న బజారు, సముద్రం. అయితే ఆ సముద్రం పోటు దిగితే కంటికి ఆనదు, ఎటు చూసినా ఇసకే. ఫెబీ అక్కడే పుట్టి, అక్కడే చదువుకుంది. దక్షిణాన, అదే ఒడ్డు చివర, లివర్‌పూల్‌కి ఆనుకుని బూటిల్ అనే ఊరుంది. ఓడరేవు, క్రేన్లు, ఇరుకు వీధులు. మధ్యలో క్రాస్బీ, ఫార్మ్‌బీ. డెబ్భైల్లో ప్రభుత్వం వీటన్నిటినీ ఒక తాటికి కట్టి మెట్రోపాలిటన్ బరో చేసింది. ఒకటే కౌన్సిల్. ఏ ఊరి పేరు పెట్టినా మిగతావాళ్లకు కోపం వస్తుందని, నడుమ ఉన్న ఒక చిన్న పల్లె పేరు తీసి పెట్టారు. ఆ పేరు సెఫ్టన్.

సౌత్‌పోర్ట్ వాళ్లకు అది మింగుడుపడలేదు. మేము లాంకషైర్ జిల్లా వాళ్లం, బూటిల్‌తో మాకేం పని అనేవాళ్లు. మా షాపుకొచ్చే ముసలివాళ్లు ఉత్తరాల మీద లాంకషైర్ అనే రాసేవాళ్లు. సెఫ్టన్ నుంచి విడిపోవాలని సంతకాల కాగితాలు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట తిరుగుతూనే ఉండేవి. బూటిల్ వాళ్లేమో, మా పన్నులతో వాళ్ల పూలతోటలకు నీళ్లు పోస్తున్నారనేవాళ్లు.

విమల ఆ కౌన్సిల్ ఆఫీసులో, సమావేశాల విభాగంలో పనిచేసింది. సభ్యులకు కాగితాలు అందించడం, ఎవరేమన్నారో రాసుకోవడం, టీ సంగతి చూడటం. అక్కడ ఒక పద్ధతి ఉంది. రెండు ఊళ్లకూ రెండు టౌన్‌హాళ్లు కాబట్టి కౌన్సిల్ ఒకసారి బూటిల్‌లో కూర్చుంటే తరవాతిసారి సౌత్‌పోర్ట్‌లో కూర్చుంటుంది. ఏ ఊళ్లో కూర్చున్నా రెండో ఊరివాళ్లు ముఖం ముడుచుకునే వచ్చేవాళ్లు. టీ వేళ ఎవరి గుంపు వాళ్లది. విమల అది చూసి తనకు తానే ఒక అలవాటు పెట్టుకుంది. బూటిల్‌లో సమావేశమైతే సౌత్‌పోర్ట్ నుంచి వెన్నలో నిలవచేసిన చిన్న రొయ్యలు పట్టుకెళ్లేది. సౌత్‌పోర్ట్‌లో అయితే బూటిల్ బేకరీ కేకులు తెచ్చేది. పెట్టేది ఒకటే బల్ల మీద. "తినేటప్పుడు పక్కన నిలబడక తప్పదు కదండీ" అనేది. రొయ్యలు బాగున్నాయని ఒక బూటిల్ సభ్యుడు సౌత్‌పోర్ట్ ఆయన్ని దుకాణం పేరు అడిగాడని, ఆ సాయంత్రం రైలు దిగి ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా చెప్పింది. ఏదో పెద్ద బిల్లు పాసైనట్టు చెప్పింది.

ఎడిసన్‌లో సమాధి రాళ్లు చెక్కే షాపు ముందు రాఘవులు అప్పటికే వచ్చి నిలబడి ఉన్నాడు. మా సంఘంలో ఎవరి రాయైనా ఈ షాపులోనే చేయిస్తాం. తెలుగు వాక్యంలో తప్పుల్లేకుండా ఆయనే దగ్గరుండి చూస్తాడు.

"వందనాలు సార్. అమ్మగారి వాక్యం చక్కగా వచ్చింది. నేను ఫోన్‌లో చూశాను."

లోపల రాళ్లు కోసే మిషను చప్పుడు వినిపిస్తోంది. షాపు నడిపే ముసలావిడ మమ్మల్ని కూర్చోబెట్టి, వెనక గదిలోకి వెళ్లి మిషను ఆపించి వచ్చింది. మేమెవరమూ అడగలేదు. కంప్యూటర్ తెర మా వైపు తిప్పింది. నల్ల రాయి బొమ్మ మీద తెల్లటి అక్షరాలు. విమలకుమారి సుందర్ రాజ్. కింద తేదీలు, దాని కింద వాక్యం. అడుగున ఒక్క వరసకు చోటు, అందులో సౌత్‌పోర్ట్, లాంకషైర్.

రాఘవులు కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు. "ఒక మాట చెప్పనా అమ్మా ఫెబీ. ఈ లాంకషైరంటే మనవాళ్లకెవరికి తెలుసు? లివర్‌పూల్ అని కొట్టించేయండి. పక్కనే కదా. మావాడి ఫుట్‌బాల్ షర్టు మీద కూడా అదే ఉంటది. చూడగానే తెలిసిపోద్ది."

"అంకుల్, మమ్మీని లివర్‌పూల్ అంటే సమాధిలోంచి లేచి వస్తుంది."

"రానీ అమ్మా. అంతకంటే ఏం కావాలి మనకి."

ఫెబీ నవ్వింది. నవ్వి కళ్లు తుడుచుకుంది. ముసలావిడ మా వైపు చూడకుండానే టిష్యూల పెట్టె ఆమె చేతికందేలా జరిపింది.

"సరే, ఇలాగే ఉంచేద్దాం. ఓకేనా డాడీ?"

మామూలుగా అయితే ఊఁ అనాల్సింది. నోరు తెరిచాను. తిమ్మిరెక్కిన కాలు నేలకు ఆనినప్పుడు సూదులు గుచ్చినట్టుంటుంది చూడండి, అలాంటిదేదో ఛాతీలో మొదలైంది.

"సెఫ్టన్ అని పెట్టించమ్మా" అన్నాను.

"ఏంటి?"

"ఊరి పేరు. సెఫ్టన్."

ఫెబీ కుర్చీలో నా వైపు తిరిగింది. "డాడీ, అది ఊరు కాదు. అది కౌన్సిల్. చెత్త బిన్‌ల మీద ఉండే పేరు. మమ్మీ రాయి మీద పిస్కాటవే వాటర్ డిపార్ట్‌మెంట్ అని పెట్టిస్తామా?"

రాఘవులు నవ్వు ఆపుకోడానికి దగ్గాడు.

"అమ్మకి అదే ఊరు" అన్నాను.

"మనం ఉన్నది సౌత్‌పోర్ట్‌లో. నేను పుట్టింది సౌత్‌పోర్ట్‌లో. మమ్మీ నన్ను బీచ్‌కి తీసుకెళ్లింది అక్కడ. ఈ రాయి మీద నేనూ ఉన్నానని చెప్పేది ఆ ఒక్క మాటే డాడీ." ఆమె గొంతు పెరగలేదు. తగ్గింది. "నా పిల్లలు రేపు చూస్తే నేనెక్కడి నుంచి వచ్చానో తెలియాలి కదా."

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. నేను ఇంకో మాట లేకుండా ఒప్పేసుకుంటే సులువుగా ఉండేది. ఇంటికి వెళ్లి పడుకోవచ్చు.

"సౌత్‌పోర్ట్ నీ ఊరు నాన్నా" అన్నాను. "అది నీ నుంచి ఎవరూ తీసుకోరు. అమ్మకి ఊరు లేదు. మీ తాతయ్యది రైల్వే ఉద్యోగం. ఖరగ్‌పూర్‌లో పుట్టింది, వాల్తేరులో బడికెళ్లింది, రాజమండ్రిలో పెళ్లయింది. అన్నీ క్వార్టర్లే. మీదే ఊరమ్మా అంటే ఏం చెప్పాలో తెలిసేది కాదు. సౌత్‌పోర్ట్‌లో అంతకాలం ఉన్నా, షాపుల్లో ఆడవాళ్లు 'అసలు మీది ఎక్కడ' అని అడిగేవాళ్లు. నవ్వుతూనే అడిగేవాళ్లు. నీకు గుర్తుండదు."

"గుర్తుంది" అంది ఫెబీ.

"సెఫ్టన్‌లో ఆ ప్రశ్న లేదు. ఆ బరో పుట్టింది నిన్నగాక మొన్న. మా తాతలనాటి నుంచి సెఫ్టన్ వాళ్లం అని చెప్పుకోడానికి అక్కడ ఎవరికీ వీల్లేదు. కౌన్సిల్‌లో కూర్చున్న ప్రతివాళ్లూ వేరే ఊరివాళ్లే, తప్పక వచ్చి కూర్చున్నవాళ్లే. అందరూ కొత్తవాళ్లయితే నేనూ వాళ్లలో ఒకదాన్నే కదండీ అనేది. అక్కడ కూర్చుంటే తనకి చోటున్నట్టు ఉండేదట."

చాలా రోజులకు అన్ని మాటలు మాట్లాడాను. నోరు ఎండిపోయింది. రాఘవులు లేచి వెళ్లి కాగితం కప్పులో నీళ్లు పట్టుకొచ్చి నా చేతిలో పెట్టాడు.

ఫెబీ తెర వైపే చూస్తోంది. "కానీ ఎవరూ సెఫ్టన్ నుంచి రారు డాడీ. నిజంగా. ఎవర్నైనా అడుగు. బూటిల్ అంటారు, ఫార్మ్‌బీ అంటారు, క్రాస్బీ అంటారు. మాది సెఫ్టన్ అని ఒక్కళ్లు కూడా అనరు."

"అమ్మ అనేది."

బయట రోడ్డు మీద ఏదో ట్రక్కు వెళ్లి, కిటికీ అద్దాలు కాస్త అదిరాయి. వాళ్లమ్మ ఫోన్‌లో మాట్లాడుతూ, చర్చి మెట్ల మీద నిలబడి, ఇక్కడి పార్టీల్లో కొత్తవాళ్లతో చేయి కలుపుతూ ఆ మాట అనడం ఫెబీ కూడా విని ఉంటుంది. చిన్నప్పుడు దానికి సిగ్గుపడి ఉంటుంది కూడా. నేను ఆ మాట అడగలేదు.

కొంతసేపటికి ఆమె ముసలావిడతో ఇంగ్లిషులో, ఆ వరస తీసేసి వేరే పేరు పెట్టండి అని చెప్పింది. ముసలావిడ టైపు చేసింది. పెద్ద వరస పోయి, నల్లటి చోటు మధ్యన చిన్న మాట ఒకటి వచ్చి కూర్చుంది.

"ఇంగ్లండ్ అని కలపమంటారా?" అని అడిగింది ముసలావిడ.

ఫెబీ నా ముఖం చూసింది. "వద్దండీ. ఇది చాలు" అన్నాను.

రాఘవులు ముందుకు వంగి ఆ మాటను నెమ్మదిగా, పెదవులు కదుపుతూ చదివాడు. "మరి చూసినవాళ్లకి అదెక్కడో తెలిసేదెట్టా సార్?"

"అడుగుతారు."

"అడక్కపోతే?"

"అడక్కపోతే ఫరవాలేదు."

ఆయన ఇంక వాదించలేదు. వాక్యంలో పొల్లులన్నీ మరోసారి సరిచూసి, బాగుంది అని తల ఊపాడు. ఫెబీ ఓకే చెప్పింది. ముసలావిడ వెనక గదిలోకి వెళ్లాక మిషను మళ్లీ మొదలైంది.

కార్లో కూర్చున్నాక ఫెబీ వెంటనే స్టార్ట్ చేయలేదు. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని ముందుకు చూస్తూ ఉంది. నాకు పొట్టలో ఆకలి తెలిసింది. ఆ సంగతి చెప్పడానికి అది సమయం కాదనిపించి ఊరుకున్నాను.

"నాకు ఇప్పటికీ ఇష్టం లేదు" అంది.

"తెలుసమ్మా."

"ఎవరైనా అదెక్కడ అని అడిగితే నేను చెప్పను. బిన్‌ల మీద పేరు అని చెప్పేస్తాను. నువ్వే వచ్చి చెప్పాలి. ప్రతిసారీ."

"చెప్తాలే" అన్నాను.

ఆమె కారు తీసింది.