ఆయన వంతు

స్మరాండ మామగారు గవ్రీల ఆదివారం మధ్యాహ్నం ఒక్క పూట కంప్యూటరు నల్ల తెర ముందు కూర్చుంటానని ఒప్పుకున్నాడు. అంతకుమించి ఒప్పుకోలేదు. తెల్లారితే నది చివరి ఊరు సులీనాలో ఉన్న అక్క దగ్గరికి పడవ ఎక్కేస్తాడు, ఇక ఈ గలాత్స్ ఊరికి తిరిగి రాడు. ఆ సంగతి ఆయన నోటితో చెప్పలేదు. గొంతులో గడ్డ కోసినప్పుడే డాక్టర్లు స్వరపేటికను కూడా తీసేశారు. సంచీ సర్ది గుమ్మం పక్కన పెట్టాడు, అంతే.

ఆయన కొడుకు, స్మరాండ భర్త టుడోరెల్, పోయిన చలికాలంలో చనిపోయాడు. అప్పటినుంచి మామాకోడళ్ల మధ్య తల ఊపుకోవడమే తప్ప ఇంకేమీ లేదు. కాగితం మీద రాయమంటే ఆయన పెన్నును పక్కకు నెట్టేవాడు. ఎదుటి మనిషి నిలబడి కాచుకుని ఉండగా రాయడం ఆయనకు చేయి చాచినట్టుండేది.

అందుకే స్మరాండ కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం రాసింది. టుడోరెల్, పై అంతస్తు వెల్డరు పాంతే కలిసి ఎప్పుడో ఇళ్లలోని కంప్యూటర్లను కలుపుతూ బాల్కనీ నుంచి బాల్కనీకి కేబుల్ లాగారు. ఎవరింట్లో వాళ్లు కూర్చుని, ఆ కేబుల్ మీద మాటలు రాసుకోవచ్చు. ఎవరి కళ్లూ ఎవరి చేతి మీదా ఉండవు.

సి అనే కంప్యూటరు భాషలో సాకెట్ తెరవడం ఆమె బడిలో ఏటా చెప్పే పాఠమే. మాట వచ్చిపోయే ద్వారం ఒకటి తెరవాలి. దానికి ఒక అంకె కట్టాలి. ఆ అంకె దగ్గర చెవి ఒగ్గి ఉండమని యంత్రానికి చెప్పాలి. ఎవరైనా తడితే లోపలికి తీసుకోవాలి. పిల్లలకు ఇదంతా నల్లబల్ల మీద బాణం గుర్తులతో చెప్పేది. ఇంట్లో తన చేత్తో తెరిచిన రోజున, మెట్ల కింది ఇంట్లో గవ్రీల గారి కంప్యూటరు తట్టినట్టు తన తెర మీద ఒక గీత కనిపించగానే, ఆమె కుర్చీలో కదలకుండా ఉండిపోయింది. గోడలు దాటి ఎవరో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డట్టే ఉంది.

ఆదివారం అందరికంటే ముందు గవ్రీల తన ఇంట్లోంచే ప్రోగ్రాంలోకి వచ్చాడు. తర్వాత మూడో అంతస్తు జెనోబియా, ఆ తర్వాత పాంతే. ఆపైన ఏమీ జరగలేదు. ఒక్క మాటా రాలేదు.

కాసేపటికి, ఇళ్లన్నిటినీ వెచ్చబెట్టే రేడియేటర్ గొట్టం మీద చెంచా మోత మొదలైంది. ఆ మెట్లదారిలో ఎవరికి ఓపిక నశించినా అదే పద్ధతి. ఇంకాసేపటికి జెనోబియాయే తలుపు తోసుకుని వచ్చింది. ఒకప్పుడు ట్రాం నడిపిన మనిషి.

"ఏమ్మా టీచరమ్మా, వేళ్లు అరిగేలా రాశాను. ఒక్కటీ కనపడదేం?"

"రాస్తూ ఉండు పిన్నీ. ఏమైందో చూస్తున్నా."

"ఎవరికి రాయను, గోడకా? ట్రాం గంట కొడితే కుక్కలైనా పక్కకి తప్పుకునేవి."

పై మెట్ల మీదినుంచి పాంతే గొంతు వినిపించింది. "పిన్ని రాసింది కనపడట్లేదంటే యంత్రం బాగానే పనిచేస్తోంది వదినా."

"నీది మాత్రం కనపడి చచ్చిందేంట్రా? పోయి రాసుకో."

వాళ్లు వెళ్లాక స్మరాండ తను రాసినది మొదటినుంచి చదివింది. తప్పు దొరికింది. క్లాసులో నోటి పరీక్ష పెట్టినట్టే రాసింది ప్రోగ్రాంను. మొదటివాణ్ణి అడుగు, అతను జవాబు చెప్పేదాకా ఆగు, ఆ తర్వాతే రెండోవాడి దగ్గరికి వెళ్లు. మొదట వచ్చింది గవ్రీల. ఆయన ఏమీ రాయలేదు. యంత్రం ఆయన కోసం ఆగిపోయింది. మిగతావాళ్లను వినడం లేదు.

మరి వాళ్లు రాసిందంతా ఏమైనట్టు? ఆమె తెర మీద ఇంకో విండో తెరిచి సాకెట్ల పరిస్థితి అడిగింది. జెనోబియా పేరున, పాంతే పేరున చదవని అక్షరాల లెక్క ఉంది. చూస్తుండగానే పెరుగుతోంది. ఒక్క అక్షరం పోలేదు. ఎవరూ వినకపోయినా అన్నీ వచ్చిన వరుసలోనే గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాయి. ఈ సంగతి ఆమెకు తెలుసు, పరీక్షల్లో ప్రశ్నగా కూడా ఇచ్చింది. అయినా ఆ అంకెల్ని ఆమె మళ్లీ మొదటినుంచి చదివింది.

ప్రోగ్రాం ఆపి తిరగరాయడం పెద్ద పని కాదు. కానీ ఆపితే ఆ మాటలన్నీ పోతాయి. ఆమె మెట్లు దిగింది.

గవ్రీల అప్పటికే కుర్చీలోంచి లేచి టోపీ పెట్టుకుని ఉన్నాడు. ఖాళీ తెర వైపు చెయ్యి చూపించి భుజాలు ఎగరేశాడు.

"ఎవరూ మాట్లాడలేదనుకుంటున్నారా మామయ్యా? మాట్లాడుతూనే ఉన్నారు. నేను తప్పు రాశాను. మీరు ఏదో ఒకటి అనేదాకా ఎవరి మాటా కదలదు."

ఆయన నమ్మనట్టు చూశాడు.

"ఒక్క మాట చాలు. నేను చూడను." ఆమె కిటికీ వైపు తిరిగి నిలబడింది.

చాలాసేపటి తర్వాత మీటల చప్పుడు వినిపించింది. ఆగి, ఆగి, ఒక్కో మీట. ఆ తర్వాత ఆయన చెయ్యి ఆమె భుజం మీద పడింది. ఆమె తిరిగి చూసింది.

ఆయన 'ఎవరున్నారు' అని రాశాడు. దాని కింద తెర నిండిపోతోంది. ముందు జెనోబియా మాటలు.

'గవ్రీలా, పోయావా, ఉన్నావా?'

'నువ్వు లేకపోతే మెట్ల మీద నేనెవరితో పోట్లాడాలి?'

'ఈ పాంతేగాడితోనా? వీడికి తిట్టడం కూడా చేతకాదు.'

ఆ తర్వాత పాంతే మాటలు.

'పెదనాన్నా, ఈ కేబుల్ లాగిన రోజు టుడోరెల్ ఒక మాటన్నాడు.'

'మా నాన్న తన టగ్ పడవ మీద కేకేస్తే అవతలి ఒడ్డుకి వినపడేది, ఈ తీగ కనీసం అవతలి వాటాకైనా వినపడాలి అన్నాడు.'

'మీకు చెప్పాలనుకుంటూనే ఉన్నా. మీ ఎదుట నోరు రాలేదు.'

గవ్రీల ఆ వరుసల్ని వేలితో తాకుతూ చదివాడు. మెడలో రంధ్రం మీది గుడ్డ కట్టు వెనక ఊపిరి బరువుగా ఆడుతోంది. యంత్రం మళ్లీ ఆయన దగ్గరికే వచ్చి ఆగింది. స్మరాండ కిటికీ వైపు తిరగబోతే ఆయన ఆమె మణికట్టు పట్టుకుని ఆపాడు. ఆమె చూస్తుండగానే, ఒంటి వేలితో రాశాడు.

'రేపు పడవకి నేను రావట్లేదని మా అక్కకి ఎవరైనా ఫోన్ చేసి చెప్పండి.'