రెండు గళ్ళ నిద్ర

“రాత్రంతా హాయిగా పడుకుని లేచావు. ఇంకా ఆ ఆవులింతలేంటి?” అన్నాడు భర్త, నోటినిండా పేస్టు నురగతో.

ఆ మాటలో విషం లేదు. అదే చిక్కు. విషముంటే విరుగుడు వెతుక్కునేది. అతను ముద్దుగా, నవ్వుతూ, ఆమె జుట్టు మీద రెండు నురగ చుక్కలు చిలకరించి మరీ అన్నాడు. ఆమె అప్పుడు ఎడమ చంకలో పిల్లను ఇరికించుకుని కుడిచేత్తో పాలసీసాలు కడుగుతోంది. ఆ పిల్లను ఇంట్లో ఎవరూ పేరు పెట్టి పిలవరు, బుడంకాయ అంటారు. తొమ్మిది నెలలది. ఉన్నవి రెండు పళ్ళే అయినా రాత్రి వాటికి పని బాగానే చెప్పింది.

బుడంకాయ పుట్టిన నెల నుంచి అతను ముందు గదిలోనే పడుకుంటున్నాడు. బస్ డిపోలో డ్రైవర్లకు డ్యూటీలు వేసే గుమాస్తా కాబట్టి మొదటి బస్సు కదిలేసరికి అక్కడ ఉండాలి. “నా నిద్ర చెడితే ఊరంతటికీ బస్సు తప్పుతుంది” అనేవాడు. ఒక్క ఇంటి కోసం ఊరిని రోడ్డు మీద నిలబెడదామని ఎవరనగలరు? దాంతో లోపలి గదిలో నేల మీద గట్టి పరుపు, దాని మీద తల్లీ పిల్లా మిగిలారు. రాత్రంతా పిల్ల గుండె మీద ఆమె చెయ్యి ఉండేది. అతను ఉదయం బ్రష్ పట్టుకుని వచ్చి ఆమె నిద్ర ఎలా సాగిందో ఆమెకే చెప్పి వెళ్ళేవాడు.

అత్తగారిదీ అదే పాట. పగలు పిల్లను చూసుకునేది ఆవిడే. ఆవిడే లేకపోతే ఈమె ఉద్యోగానికి వెళ్ళే ప్రసక్తే లేదు, ఆ కృతజ్ఞత ఈమెకు గొంతుదాకా ఉంది. కానీ ఆవిడ నోట కూడా ఒక మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. “నేను నలుగురిని పక్కలో వేసుకుని పెంచానమ్మాయ్. నిద్ర చాల్లేదని ఒక్కరోజైనా అన్నానా? పిల్ల పక్కనుంటే తల్లికి అంతకన్నా సుఖమైన నిద్ర ఏముంటుంది?”

పదిసార్లు చెబితే అబద్ధమైనా నిజమై కూర్చుంటుంది, ఇక ప్రేమగా చెప్పినది కూర్చోకుండా ఉంటుందా? తొమ్మిది నెలల్లో ఆమె కూడా నమ్మేసింది. తాను పడుకుంటున్నట్టే. మరి పడుకున్న మనిషికి మధ్యాహ్నానికల్లా కాళ్ళు ఎందుకు పీకుతాయి? చేతిలో పట్టుకున్న తాళంచెవిని ఇల్లంతా ఎందుకు వెతుకుతుంది? అంటే లోపం తనలోనే ఉంది, తనకు ఒళ్ళు బద్ధకం, అంతే. ఈ తీర్పు ఎవరూ ఇవ్వలేదు. తనకు తానే ఇచ్చుకుని, ఎవరికీ చెప్పకుండా మోస్తోంది. అందరికన్నా ఎక్కువ బరువు అదే.

ఆమె పనిచేసే చోట తల్లీపిల్లలు కలిసి పడుకోవడం మీద పరిశోధన జరుగుతుంది. ఒప్పుకున్న తల్లులు పిల్లలతో వచ్చి అక్కడి గదుల్లో రెండు రాత్రులు పడుకుంటారు. చీకట్లో కూడా చూడగల కెమెరా వాళ్ళను చూస్తుంది. పగలు ఆఫీసులో కూర్చుని ఆ వీడియోలను ఆమె చూస్తుంది. అర నిమిషానికోసారి ఆపి, కాగితం మీద పెన్సిల్‌తో టిక్కు పెట్టాలి. తల్లి వరసలో గళ్ళు రెండే, నిద్ర, మెలకువ. అలా పడుకోవడం మంచిదా చెడ్డదా అని తేల్చడం ఆమె పని కాదు. కనిపించింది కనిపించినట్టు రాయాలి. “కూర్చుని సినిమాలు చూసే ఉద్యోగం” అంటాడు భర్త. ఆ సినిమాలో ఇద్దరే నటులు, అందులో ఒకరికి నటన రాదు.

అదే వీడియోను రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన విడిగా చూసి ఆయన కాగితం ఆయన నింపుతాడు. ఇద్దరి టిక్కులూ నూటికి ఎనభై కలిస్తేనే ఆ లెక్క చెల్లుతుంది. కలిస్తే ఆమె ఉద్యోగం ఖాయం. కలవకపోతే ఆమెను తీసుకెళ్ళి ఫారాలు నింపే బల్ల దగ్గర కూర్చోబెడతారు. శుక్రవారం చూసేసరికి అరవై ఒకటి వచ్చింది.

తప్పు ఎక్కడుందో కనుక్కోవడానికి మాస్టారికి రెండు నిమిషాలు పట్టలేదు. “మీరు రెండు గళ్ళలోనూ టిక్కు పెడుతున్నారమ్మా! రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్టుంది” అన్నాడు పాపం, ఏదో రోగం బయటపడినంత జాలిగా.

పరిశోధనకు పెద్ద డాక్టరమ్మ ఒకావిడ. ఆవిడ కాగితం తిప్పి చూసి కళ్ళద్దాలు తీసింది. “ఎందుకలా?”

ఎందుకంటే వీడియోలోని పదకొండో నంబరు తల్లి. బేకరీలో పిండి పిసికే మనిషి, ఆ మోచేతులు చూస్తేనే తెలుస్తుంది. పడుకుందంటే దుంగలాగా పడుకుంటుంది, కళ్ళు తెరవదు. కానీ పిల్లవాడు దుప్పటి మొహం మీదికి లాక్కోగానే ఆమె చెయ్యి లేస్తుంది. దుప్పటిని కిందికి నెట్టి, వాడి గుండె మీద ఆగి, రెండు ఊపిరులు చూసుకుని వెనక్కి వచ్చేస్తుంది. మొహంలో గీత కూడా కదలదు. ఒక్క రాత్రిలో ముప్పై ఏడుసార్లు. ఆ చెయ్యి లేచిన నిమిషాలకే కాదు, వాటి మధ్య నిమిషాలకూ ఆమె రెండు టిక్కులు పెట్టింది.

“నిద్రలోనే ఉంది మేడమ్. కానీ మెలకువగా కూడా ఉంది” అంది ఆమె.

“కళ్ళు మూసి ఉన్నాయా లేవా?”

“మూసే ఉన్నాయి.”

“కళ్ళు మూసి ఉంటే నిద్ర అని మన నియమం. నువ్వు మంచి పనిమంతురాలివమ్మా, నిన్ను వదులుకోవడం నాకిష్టం లేదు. సోమవారానికి దిద్దుకుని రా.”

శనివారం సాయంత్రం భోజనాల బల్ల దగ్గర ఒకవైపు ఆమె కాగితాలు, రబ్బరు. మరోవైపు భర్త, వచ్చే వారం డ్యూటీ చార్టు. అత్తగారు కిటికీ పక్కన బుడంకాయను ఒళ్ళో పెట్టుకుని దాని వేళ్ళు లెక్కపెడుతోంది. ఆమె మొదటి వరసలో మెలకువ టిక్కు చెరిపింది. రెండోది చెరిపింది. రబ్బరు పొడి చేతికి అంటుకుంటుంటే పదకొండో నంబరు చేతిని పట్టుకుని వెనక్కి నెట్టేస్తున్నట్టే అనిపించింది ఆమెకు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడోదీ చెరిపింది.

అంతలో భర్త పెన్ను బల్ల మీద కొట్టాడు.

“ఈ కొత్త మేనేజరుకి బుద్ధుందా అసలు! స్పేర్ డ్రైవర్లు రాత్రంతా రెస్ట్ రూంలో పడుకునే ఉంటారు కదా, వాళ్ళకి మర్నాడు సెలవెందుకంటాడు!”

“స్పేర్ అంటే?” అంది ఆమె, తల ఎత్తకుండా.

“అంటే ఏ బండి ఎక్కడ ఆగినా వెళ్ళడానికి సిద్ధంగా ఉండేవాడు. పిలుపు రాకపోవచ్చు, తెల్లారేదాకా నడుం వాల్చే ఉండొచ్చు. ఉంటే మాత్రం? వాడి చెవి ఫోన్ మీదే ఉంటుంది. పిలిస్తే లేవాలి. అదీ ఒక నిద్రేనా? బూట్లు విప్పి పడుకున్నా డ్యూటీ డ్యూటీయే! ఇరవై ఏళ్ళుగా నేనే రాస్తున్నాను చార్టు, నాకు చెబుతాడా!”

మొహం ఎర్రబడి, న్యాయం పక్కన నిలబడి, ఎంత అందంగా ఉన్నాడో ఆ క్షణంలో! ఆమె రబ్బరు కింద పెట్టింది.

“ఇంకోసారి చెప్పండి” అంది.

“ఏంటి?”

“చివరి మాట.”

“పడుకున్నా డ్యూటీ డ్యూటీయే.”

“మరి ఒకే మనిషిని వరసగా తొమ్మిది నెలలు రాత్రి స్పేర్‌లో వేసి, పొద్దున మళ్ళీ బండి ఇస్తే?”

“ఎవడు వేశాడు? యూనియన్ ఊరుకుంటుందా? అలా వేసిన గుమాస్తాని సస్పెండ్ చేస్తా...”

మాట అక్కడే ఆగిపోయింది. ఆమె లోపలి గది గుమ్మం వైపు చూసింది, అంతే. అతనూ చూశాడు. నేల మీద పరుపు, దాని అంచున ఒక మనిషి పక్కకి తిరిగి పడుకునేంత చోటు. అతను చార్టుల మనిషి, చార్టులో తప్పు కనిపిస్తే కప్పిపుచ్చలేడు. ఆ గుణం చూసే ఆమె అతన్ని చేసుకుంది.

కిటికీ దగ్గర్నుంచి అత్తగారి గొంతు వినిపించింది, ఎప్పుడూ లేనంత చిన్నగా. “ఒరేయ్, మీ నలుగురికీ కలిపితే నా స్పేర్ డ్యూటీ ఎన్నేళ్ళవుతుందిరా?”

అతను వేళ్ళు ముడిచి, విప్పి, మళ్ళీ ముడిచాడు.

“నేను పడుకున్నాననే అనుకున్నానమ్మాయ్” అంది ఆవిడ కోడలితో. “మీ మామయ్య అలాగే అనేవారు. నీకూ అదే అప్పజెప్పాను చూడు.”

ఆమె లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని భుజానికి తల ఆనించింది. బుడంకాయకు ఇదేదో కొత్త ఆటలా తోచి ఇద్దరి ముక్కులూ వంతులవారీగా పట్టుకుంది. కొంతసేపటికి ఆమె తిరిగి వచ్చి, భర్త చేతిలోంచి పెన్ను తీసుకుని, ఖాళీ చార్టు ఒకటి ముందుకు లాక్కుంది.

“ఏం రాస్తున్నావు?”

“లోపలి గది స్పేర్. రోజు విడిచి రోజు మీది. మీ వంతు రోజు ముందు గది నాది, తలుపు వేసుకుంటాను. మీ వంతు మర్నాడు పొద్దున షిఫ్టు ఎవరితో మార్చుకుంటారో మీరే చూసుకోండి.”

“ఊరికి బస్సు...” అని మొదలుపెట్టి, తనే నవ్వేశాడు. “సరే. రేపటి నుంచి నన్నే వెయ్యి. దాని గుండె మీద చెయ్యి ఎలా ఆన్చాలో చూపిస్తావా? బరువు పడకుండా?”

ఆ ప్రశ్నకు ఆమెకు ఏడుపొచ్చింది. ఈసారి దాచుకోలేదు.

చెరిపిన మూడు టిక్కులూ మళ్ళీ పెట్టింది. తర్వాత స్కేలు తీసుకుని, ప్రతి కాగితం మీదా ఒక నిలువు గీత గీసి మూడో గడి కట్టింది. దాని పైన “డ్యూటీ” అని రాసింది. ఫారాలు నింపే బల్ల దగ్గరికి పంపితే పంపనీ అనుకుంది. చూసింది చూడలేదని మాత్రం రాయదు.

సోమవారం పెద్ద డాక్టరమ్మ ఆ కాగితాలను ఒక్కొక్కటే తిప్పి చూసింది. పదకొండో నంబరు వీడియో పెట్టమంది. దుప్పటి, చెయ్యి, రెండు ఊపిరులు. వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. మూడోసారి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

“మాస్టారూ, మీకూ మూడు గళ్ళ కాగితం ఇస్తాను. మొదట్నుంచీ మళ్ళీ చూడండి” అంది.

మాస్టారు అప్పటికే స్కేలు వెతుకుతున్నాడు.

“కానీ అమ్మాయ్, ఈ నియమం ఎక్కడిదో మనం రాయాల్సి ఉంటుంది. పడుకున్నా డ్యూటీయేనని ఏ పుస్తకంలో ఉంది?” అంది డాక్టరమ్మ.

“పుస్తకాల్లోకి ఇంకా రాలేదు మేడమ్. బస్ డిపోలో ఎప్పట్నుంచో ఉంది. మా ఇంట్లో నిన్నటి నుంచి అమల్లోకి వచ్చింది.”