మే నెలలో లేని ఎర్రబిళ్ల

మూడు వేగాలను బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని పోల్చడం మొదలుపెట్టి అది నాలుగో రోజు. వేగా అంటే ప్లాస్టిక్ ఇటుకలతో కట్టే ఆకాశనౌక. కంపెనీ దాన్ని మొదట 1998లో తెచ్చింది. కొన్ని మార్పులతో 2001లో మళ్ళీ తెచ్చింది. పోయిన ఏడు, చిన్నప్పుడు ఆడుకున్నవాళ్ళు ఇప్పుడు కొనుక్కుంటారని మూడోసారి తెచ్చింది. ఇలాంటివి పోగుచేసే మా గుంపులో నేను రాసే పోలికలకు కాస్త పేరుంది. అందుకు నా పనే కారణం. ధర్మవరంలో పట్టుచీరల అంచులకు కంప్యూటర్లో డిజైన్లు గీస్తాను. ఒక్కో గడి ఒక్కో పోగు. ఒక గడి తప్పితే నేతలో నెమలి మెడ విరుగుతుంది. రెండు నమూనాలను ఒకదానిపై ఒకటి వేసి, తేడా ఉన్న చుక్కను వెతకడం నాకు అలవాటైపోయింది. ఇంట్లో ఒక్కణ్ణే ఉంటాను కాబట్టి పని అయ్యాక కూడా అదే చేస్తుంటాను.

మొదటి రూపం నా చిన్నప్పటిది. మేము హిందూపురంలో ఉండేవాళ్ళం. నాయన బెంగళూరులో ఒక ఇంజనీరు దగ్గర కారు నడిపేవాడు. ఆ ఇంటి పిల్లలు పారేయబోయిన నౌకను ప్లాస్టిక్ సంచిలో పోసుకొచ్చి నాకిచ్చాడు. పెట్టె లేదు, ఎట్లా కట్టాలో చెప్పే పుస్తకమూ లేదు. తోచినట్టు కట్టాను. ముక్కు దగ్గర మాత్రం గుండ్రటి బొక్క ఒకటి మిగిలింది. అక్కడ ఉండాల్సింది ఎర్రబిళ్ల, దీపంలాంటి, గాజులా వెలుతురును సాగనిచ్చే ప్లాస్టిక్ బిళ్ల. దాన్ని మా చిన్నాయన కొడుకు కుళ్లాయప్ప దొంగిలించాడు. ఇరవై నాలుగేళ్ళుగా నాకు తెలిసింది ఇది.

ఆ నాలుగో రోజు, 1998 పుస్తకాన్ని ఫొటోలు తీసి గుంపులో ఒకాయన పంపాడు. చివరి పేజీలో ముక్కల పట్టిక ఉంది. అందులో ఎర్రబిళ్ల లేదు. పట్టికను మూడుసార్లు చూశాను. తర్వాత కట్టే బొమ్మలన్నీ చూశాను. మొదటి వేగాకు ముక్కు దగ్గర బొక్కే ఉంది. అది అలా ఉండాల్సిందే. బిళ్ల వచ్చింది రెండో రూపంతో.

పాత సంచి అడుగున మడతపెట్టిన రంగుల కాగితం ఒకటి ఉంది. నౌక ఇచ్చిన పది రోజులకు నాయన అదే ఇంటినుంచి తెచ్చిన పత్రిక పేజీ అది. దానిమీద ఎర్రబిళ్లతో మెరిసే వేగా. ఆ బొమ్మ చూశాకే నా నౌకలో ఏదో తక్కువైందని నాకు తెలిసింది. అప్పట్లో మా ఇంట్లో ఇంగ్లీషు చదివేవాళ్ళు లేరు. పెద్దయ్యాక ఆ కాగితాన్ని దాచుకున్నానే తప్ప చదవలేదు. ఇప్పుడు చదివాను. బొమ్మ కింద చిన్న అక్షరాల్లో, ఈ కొత్త నౌక ఆగస్టులో దుకాణాలకు వస్తుందని ఉంది.

మా గొడవ జరిగింది 2001 మే నెలలో, బడి సెలవుల్లో.

కుర్చీలోనే కూర్చుండిపోయాను. చెవుల్లో మగ్గం చప్పుడులాంటిది ఆగకుండా వినబడింది. జ్ఞాపకాన్ని మనసు ఎప్పటికప్పుడు కొత్తగా కట్టుకుంటుందని పుస్తకాల్లో చదివాను, నమ్మాను కూడా. అయినా ఆ బిళ్లను వేళ్ళతో పట్టుకుని ఎండకు అడ్డం పెట్టడం, అరచేయంతా ఎర్రగా మారడం నాకు ఇప్పటికీ కనిపిస్తోంది. నేను పట్టుకున్న వస్తువు అప్పటికి ఏ దుకాణానికీ రాలేదు.

నౌక వచ్చాక ఆ మే నెలలో జరిగిందల్లా ఇది. బొమ్మ కాగితం రాకముందు కుళ్లాయప్ప మా ఇంట్లో మూడు రోజులున్నాడు. వాడికి ఎనిమిదేళ్ళు, నాకు పది. బిళ్ల లేదని నేను ఏడ్చేసరికి నాయన మమ్మల్ని అమరాపురం తీసుకుపోయాడు. అక్కడ చిన్నాయన గొర్రెలు మేపేవాడు, మా నాయనమ్మ సుంకమ్మవ్వ వాళ్ళ దగ్గరే ఉండేది. పోయిన వస్తువు ఎవరు తీశారో తేల్చడానికి ఆ ఊళ్ళో ఒక పద్ధతుంది. మంత్రించిన బియ్యం తలా గుప్పెడు నమిలి ఉమ్మాలి. ఎవరి బియ్యం తడవకుండా పొడిగా వస్తే వాళ్ళే దొంగ. అవ్వ రెండిళ్ళ పిల్లల్నీ, నలుగురినీ నిలబెట్టి నమిలించింది. నమిలినంతసేపూ అందరూ కుళ్లాయప్ప నోటినే చూశారు. వాడు ఉమ్మింది పిండిలా రాలింది.

భయానికి నోరు ఎండుతుంది. ఇందులో మంత్రమేమీ లేదని నేను కాలేజీలోనే తెలుసుకున్నాను. తెలుసుకుని కూడా వాడి గురించి మళ్ళీ ఆలోచించలేదు, ఎందుకంటే వాడు ఒప్పుకున్నాడు. చిన్నాయన తాడు తీసి రెండు దెబ్బలు వేయగానే, తానే తీశానని, గొర్రెల దొడ్డిలో పూడ్చానని చెప్పాడు. వారం తవ్వారు. ఎరువు తప్ప ఏమీ దొరకలేదు. అప్పటినుంచి వాడు మా బంధువులందరికీ బిళ్లప్ప. పెళ్ళిళ్ళలో వాడు పక్కకొచ్చి కూర్చుంటే జేబులు తడుముకుని నవ్వడం ఒక సరదా. నేనూ నవ్వాను.

ఆదివారం ప్యాసింజర్లో పెనుకొండ పోయాను. వాడు అక్కడ కార్ల సీట్లు కుట్టే ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. రోజూ సాయంత్రం గేటు దగ్గర అందరినీ ఒళ్ళు తడిమి పంపిస్తారు. తోటివాళ్ళు విసుక్కుంటారని, తనకు మాత్రం అప్పుడే మనసు నిమ్మళంగా ఉంటుందని ఒకసారి చెప్పాడు. అప్పుడు నాకు అది జోకులా వినిపించింది.

తలుపు తీసి నా చంకలో సంచి చూసి నవ్వాడు.

“ఫోన్ చేసింటే స్టేషన్ కాడికి వస్తాంటి గదన్నా. బిళ్లప్ప ఇంటికి పోతాండామని సంచి గట్టిగా పట్టుకోనొస్తివా?”

ఇంట్లో నవ్వే వాతావరణం లేదు. వాడి కూతురు వెన్నెల గోడకు ఆనుకుని కూర్చుంది. తొమ్మిదేళ్ళ పిల్ల. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. వాడి భార్య శ్రీదేవి నన్ను వంటగదిలోకి పిలిచి మెల్లగా చెప్పింది. బడిలో ఎవరో పిల్ల చేతిగడియారం పోయింది. పక్కన కూర్చునేది వెన్నెల కాబట్టి టీచరు ఇంటికి కబురు పెట్టింది. అప్పటినుంచి ఈయన పిల్లతో మాట్లాడడం లేదు. తన రక్తంలో ఉన్నది బిడ్డకు వచ్చిందంటాడు. నిన్న అమరాపురం పోయి బియ్యం మంత్రించి తెచ్చాడు. కాసేపట్లో నమిలిస్తాడు. నమిలించవద్దని ఎంత చెప్పినా వినలేదు.

బియ్యం మూట పసుపుగుడ్డలో గూట్లో ఉంది. దాన్ని చూడగానే సంచి విప్పాను. మొదటి రెండు రూపాల నౌకలూ నేలమీద పెట్టాను. కాగితం పరిచాను. ముక్కల పట్టిక చూపించాను. కాగితం మీద ఆగస్టు అన్న మాటను వేలితో చూపిస్తూ చదివి, మా గొడవ మేలో జరిగిందని గుర్తుచేశాను. ఆ బిళ్ల నా దగ్గర ఎప్పుడూ లేదని, అది పోలేదని, కాబట్టి ఎవరూ తీయలేదని చెప్పాను.

కుళ్లాయప్ప శ్రద్ధగా విన్నాడు. నా చెయ్యి మీద చెయ్యి వేశాడు.

“మంచోనివన్నా నువ్వు. బిడ్డ ముందర నా పరువు నిలబెట్టల్లని ఇంత దూరం వచ్చినావు.”

అబద్ధం కాదన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు.

“తీసింది నేను గదా, నాకు తెలీదా? దొడ్లో తూర్పు మూల, నీళ్ళతొట్టి కింద పూడ్చినా. పూడ్చేముందు ఎండకు పెట్టి చూసినా. అరచెయ్యంతా ఎర్రగా అయ్యింది. ఇప్పటికీ కనపడతాది నాకు.”

ఆ ఎర్రటి అరచేయి నాది. మేలో అమరాపురంలో అందరి ముందూ ఏడుస్తూ నేనే దాన్ని చెప్పాను. లేని బిళ్లను వాడికి నేను ఇచ్చాను, వాడు దాన్ని పూడ్చుకున్నాడు. లేక, వాడు చెప్పింది విన్నాక నాకు కనిపించడం మొదలైందా? మొదట ఎవరి చెయ్యి ఎర్రబడిందో తేల్చే పట్టిక ఎక్కడా లేదు.

“అది లేకుండా పోయేదెట్లన్నా?” అన్నాడు వాడు. ఆ గొంతులో మొదటిసారి భయం వినిపించింది. “లేదంటే, నేను పూడ్చిందేమి?”

లేచి గూట్లోని మూట తీశాను. వాడు వద్దనేలోపు గుప్పెడు నోట్లో వేసుకున్నాను. నేనేమీ దొంగిలించలేదు కాబట్టి తడిగా వస్తుందని, పొడిగా రావడం భయం పనే తప్ప మంత్రం కాదని వెంటనే వివరించవచ్చని నా ఆలోచన. నమిలాను. ముగ్గురూ నా నోటినే చూస్తున్నారు. నాలుక అంగిలికి అతుక్కుంది. పళ్ళెంలో ఉమ్మాను. తెల్లగా, పిండిలా రాలింది.

కుళ్లాయప్ప ఆ పిండిని వేలితో కదిపి చూశాడు. తర్వాత నా చేతిలోంచి మూట లాక్కుని తానూ గుప్పెడు నమిలాడు. ముప్పై రెండేళ్ళ మనిషి, దవడలు ఎనిమిదేళ్ళ పిల్లాడిలా కదిలాయి. వాడిదీ పొడిగానే వచ్చింది.

వెన్నెల మోకాళ్ళ మీద పాకుతూ వచ్చి పళ్ళెంలోకి తొంగి చూసింది.

“ఇద్దరూ దొంగలేనా నాయనా?”

శ్రీదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. కుళ్లాయప్ప కింద కూర్చుని పాత వేగాను చేతిలోకి తీసుకున్నాడు. చిటికెన వేలు ముక్కు బొక్కలో పెట్టి తిప్పాడు.

“ఇది మొదట్నుంచీ ఇట్లే ఉండిందా?”

“ఊ.”

“ఇంగ నేను...” అని ఆగిపోయాడు. వేలు మాత్రం బయటికి తీయలేదు. రంగు పోయిన ముఖంతో, తన ఇంట్లో తానే దారి తప్పినట్టు గదిలో ఒక్కొక్క వస్తువునూ చూశాడు. నేను ఓదార్చలేదు. నాకు ఆ అర్హత ఉందనిపించలేదు.

చివరికి లేచి, మిగిలిన బియ్యం వాకిట్లో కోళ్ళకు చల్లి వచ్చాడు. కూతురి ఎదుట గొంతుక్కూర్చున్నాడు. కబురు వచ్చిన రోజునుంచి ఆ ఒక్క మాట ఆయన అడగనే లేదని శ్రీదేవి తర్వాత చెప్పింది.

“గడియారం నువ్వు తీసినావామ్మా?”

“లేదు నాయనా.”

వాడు ఆ పిల్ల ముఖంలోకి చూశాడు. బయట కోళ్ళు బియ్యం ఏరుకుంటున్న చప్పుడు వినబడుతోంది.

“సరే,” అన్నాడు.