వంతెన దగ్గర ఆగిన బండి

బువాఫన్ తెల్లగుడ్డ మూట ఒళ్లో పెట్టుకుని మోటారుసైకిల్ వెనక కూర్చుంది. మూటలో ఆమె భర్త ఖంపన్ అస్థికలు ఉన్నాయి. బండి నడుపుతున్నది కొడుకు సోమ్‌నుక్. మేకాంగ్ నదికి అవతల, లావోస్‌లో పుట్టిన మనిషి ఖంపన్. తనను ఆ నీళ్లలోనే కలపమని పోయేముందు చెప్పాడు. నది మూడు గంటల దారి.

పోయినవాళ్లకు దారి తెలియదు. మలుపు వస్తే మలుపని, వంతెన వస్తే వంతెనని చెబుతూ తీసుకెళ్లాలి. చెప్పకపోతే అక్కడే ఆగిపోతారు. బువాఫన్ పొద్దుటినుంచీ చెబుతూనే ఉంది. రబ్బరు తోటల దగ్గర ఎడమకు తిరుగుతున్నామయ్యా అంది, కాలువ దగ్గర వంతెన దాటుతున్నాం, నాతో రా అంది. ఆ మనిషి బతికుండగా ఏనాడూ ఆమె చెప్పిన దారిన నడిచింది లేదు, అది వేరే సంగతి.

మధ్యాహ్నానికి ఆమె గొంతు బొంగురుపోయింది. ముందు పెద్ద వంతెన వస్తుంది, అక్కడ నువ్వు పిలువు అని కొడుక్కి చెప్పింది. సోమ్‌నుక్ తలూపాడు.

అతను తండ్రితో మాట్లాడి మూడేళ్లయింది. ప్రాణంగా పెంచుకున్న పందెంకోడిని, తను ఊళ్లో లేనప్పుడు, తండ్రి కోయించి చుట్టాలకు కూర వండించాడు. ఆ పూట నుంచి ఇద్దరూ ఒకే వెదురుబుట్టలోని జిగురన్నం తిన్నారు గానీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మంచంమీది తండ్రి కళ్లు తనకోసం వెతుకుతున్నా, మందులు తల్లి చేతిలో పెట్టి బయటికి పోయేవాడు. అంతా ఒక కోడి కోసం.

పెద్ద వంతెన వచ్చింది. సోమ్‌నుక్ నోరు తెరిచాడు. నాన్నా అన్న మాట పైకి రాలేదు. ఈలోగా బండి అవతలికి వచ్చేసింది.

నదిలో పడవెక్కారు. తల్లి మూట విప్పుతుంటే, పిలవలేదని చెప్పేద్దామనుకున్నాడు, ధైర్యం చాలలేదు. బూడిద, బంతిపూలు కలిసి నీళ్లమీద కాసేపు తేలి, అవతలి ఒడ్డువైపు కొట్టుకుపోయాయి.

తిరుగుదారిలో ఆ వంతెన మధ్య అతను బండి ఆపాడు. ఎందుకాపావని తల్లి అడిగింది.

"వెళ్లేటప్పుడు నేను పిలవలేదమ్మా. నాన్న ఇక్కడే ఉండిపోయాడు."

అంటూనే ఏడ్చాడు. ఇప్పుడు పిలుస్తానన్నాడు. తప్పయిందని చెప్పుకుంటానని, మళ్లీ నదిదాకా తనే తీసుకెళ్తానని అన్నాడు. బువాఫన్ కొడుకు వీపుమీద చెయ్యి వేసింది.

"నువ్వు పిలవలేవని నాకు తెలుసురా. వెనక కూర్చుని నేనే మెల్లిగా పిలిచా. మీ నాన్న ఇక్కడ లేడు, ఎప్పుడో వెళ్లిపోయాడు."

బిడ్డ గుండెబరువు దించాననుకుంది ఆ తల్లి. సోమ్‌నుక్ వంతెన కమ్మీ పట్టుకుని కింది నీళ్లవంక చూస్తూ ఉండిపోయాడు. తండ్రి ఇక్కడ ఆగిపోయి ఉంటేనే బాగుండేదనిపించింది అతనికి. నాన్నా అన్న మాట ఇప్పుడు నోటినిండా ఉంది. వినాల్సిన మనిషిని తల్లి దాటించేసింది.