ఊపిరి వాసన

ఇంకా నేల మీదే ఉన్న విమానంలో సుందర్ రాజ్ మోకాళ్ల మీద వంగి, నిన్ననే వచ్చిన కొత్త యంత్రానికి తెల్లని గొట్టం బిగిస్తున్నాడు. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ మీదా, పోర్టు మీదా ఎగిరేటప్పుడు బయటి గాలి ఆ గొట్టంలోంచే లోపలికొస్తుంది. ఎండ తగిలితే ఇట్టే మారిపోయే వాయువుల్ని కూడా యంత్రం పసిగట్టి, తెర మీద రంగురంగుల గీతలుగా చూపిస్తుంది.

గాలిని పరీక్షించే ఈ విమానంలో అతను ఏళ్లుగా వెంట ఎగిరే మెకానిక్కు. బట్టతల, నూనె మరకలు వదలని వేళ్లు. పేటలో అందరూ ‘ఇమానం సుందర్’ అంటారు. చర్చిలో కొత్తవాళ్లకి భార్య జయమణి కూడా అలాగే చెప్పుకుంటుంది. ఒకసారి యారాడ కొండ దగ్గర విమానం ఉన్నట్టుండి కిందికి జారిందనీ, అప్పట్నించీ అతనికి ఎగరాలంటే వణుకనీ ఆమెకు తెలియదు. ఎగిరే రోజు పొద్దున్నే బండి స్టాండు వెనక నిలబడి మందు గొంతులో పోసుకుంటాడనీ, వాసన రాకుండా వక్కపొడి నములుతాడనీ తెలియదు.

తెర ముందు కూర్చున్న శాస్త్రవేత్త హిమబిందు కళ్లు చిట్లించింది.

“ఆల్కహాల్ గీత లేస్తోంది. సుందర్ గారూ, చేతులకి శానిటైజర్ రాసుకున్నారా?”

“అవునమ్మా, ఇప్పుడే.”

“కడుక్కుని వచ్చేయండి.”

మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని వచ్చి మళ్లీ వంగాడు. ఊపిరి బిగబట్టాడు. నట్టు సగం తిరిగేదాకా గీత కదల్లేదు. ఇక ఆగలేక ఊపిరి వదిలాడు. ఆకుపచ్చ గీత నిలువునా లేచింది.

హిమబిందు అతని వంక చూడలేదు. వెనక సీట్లలో కూర్చున్న మిగతా సిబ్బందికి కనబడకుండా తెరని మెల్లగా తన వైపు తిప్పుకుంది.

తిట్టినా బాగుండేది. కూతురి వయసు పిల్ల తన తప్పుని దాచిపెడుతోంది. అతని చెవులు భగ్గుమన్నాయి.

“పైకెళ్తే నాకు బయమేస్తాదమ్మా,” అన్నాడు గొట్టం వైపే చూస్తూ.

“ముందే చెప్పాల్సింది కదండీ.”

“ఏటని సెప్పను? ఊరంతా ఇమానం సుందర్ అంటంటే...” రెంచి కింద పెట్టేశాడు. “నాను దిగిపోతన్నాను. ఒంట్లో బాగోలేదని సెప్పండి.”

ఆమె తలూపింది. నట్టు మిగతా సగం తనే బిగించుకుంది. తలుపు మూసేముందు, జయమణి కట్టిచ్చిన అతని అన్నం క్యారేజీ అందించింది. విమానం సముద్రం వైపు లేచిపోయింది. సుందర్ తలెత్తి చూడలేదు.

హైవే మీద బస్టాపులో కూర్చున్నాడు. ఈ వేళప్పుడు నిండు క్యారేజీతో ఇంటికెళితే జయమణి ఏటయిందని అడుగుతుంది. తమ పేట బస్సులు వచ్చాయి, పోయాయి. చివరికి ఆనందపురం బస్సు ఆగింది. అక్కడ తనకెవరూ లేరు. అదే ఎక్కేశాడు.

సిమెంటు బెంచీ మీద క్యారేజీ ఉండిపోయింది. అడుగు గిన్నె ఇంకా వెచ్చగానే ఉంది. మూత అంచున కారిన చేపల పులుసు మీద ఈగలు వాలుతున్నాయి.