పదిహేడో పేరు

సూదుల గది గడప దగ్గర గోనెసంచి పరిచి, దాని మీద చెప్పులున్న కాళ్లు తుడుచుకోమని అప్పుడే ముగ్గురికి చెప్పింది తాతమ్మ. ఇంకా తొమ్మిదయినా కాలేదు. పొట్టి మనిషి. ఇసుకలో నడిచి నడిచి వెడల్పయిన పాదాలు, ముక్కుకు రెండు వైపులా బేసర్లు, ఒక కాడ విరిగితే దారంతో చెవికి కట్టుకున్న కళ్లద్దాలు. శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఈ కొత్తరేవు ఆసుపత్రిలో ఆమె ఆయా. ఇరవై ఆరేళ్లుగా సూది పొడిచేది ఎవరైనా, ఆ చేతిని కదలకుండా పట్టుకునేది మాత్రం ఆమే. ఊళ్లో చాలామందిని మొహం కంటే ముందు జబ్బ చూసి గుర్తుపడుతుంది.

పంచాయతీ సెక్రటరీ త్రినాథ్ పేపరు చేత్తో ఊపుకుంటూ వచ్చాడు. వెనకే కిరాణా కొట్టు ధనరాజు.

"సూసినారా డాక్టరుగారూ, మనూరు పేపర్లో పడ్డాది," అన్నాడు త్రినాథ్.

జిల్లా పేజీలో పెద్ద అక్షరాలు: కుక్కకాట్లు నాలుగింతలు. నిరుడు ఇదే మూడు నెలల్లో పదిహేను, ఈసారి అరవై ఒకటి. అప్పటికే తల్లులు పిల్లల్ని బడికి పంపడం మానేశారు. మూడు గంటలకు వ్యాను వస్తుందనీ, ఊళ్లో కుక్కలన్నిటినీ పట్టి పాతపట్నం అవతల కొండల్లో వదిలేస్తారనీ, కుక్కలతో ఊరికి ప్రమాదమని డాక్టరు ఒక కాగితం రాసిస్తే చాలనీ త్రినాథ్ చెప్పాడు.

డాక్టర్ అర్చన ఈ ఊరికి వచ్చి మూడు నెలలే. ఆమె కంప్యూటరు తెరిచి చూసింది. "అంకె సరిగ్గానే ఉంది. అరవై ఒకటే."

తాతమ్మ చేతిలో దూది అలాగే ఉండిపోయింది. "అరవయ్యొక్క మందేటమ్మా? నాను అంతమంది సేతులు పట్టుకోనేదు."

"కంప్యూటర్లో ఉంది కదా తాతమ్మా."

"ఆ పేర్లు ఓపాలి సదవండి."

అర్చన చదవసాగింది. రాజులమ్మ. మళ్లీ రాజులమ్మ. కాసేపటికి ఇంకోసారి రాజులమ్మ. నాలుగోసారి ఆ పేరు వచ్చేసరికి అర్చన గొంతు నెమ్మదించింది. నిరుటిదాకా చేతి రిజిస్టరు. మనిషికో వరుస, పక్కన నాలుగు సూదులకు నాలుగు తారీఖులు. తాను వచ్చాక మొదలైన కంప్యూటర్లో మనిషి వచ్చిన ప్రతిసారీ ఒక కొత్త వరుస. లెక్కపెట్టింది మనుషుల్ని కాదు, సూదుల్ని.

"తప్పు నాదే," అంది అర్చన. పేర్లు కలుపుకుంటూ వెళ్లి, "మొత్తం పదిహేను మంది," అని తేల్చింది.

"పదారు. లక్ష్ముడు ఒకడు కాడు, ఇద్దరు. బట్టీకాడ లక్ష్ముడికి పిక్క మీద కరిసింది, రేవుకాడోడికి మణికట్టు మీద."

మళ్లీ కూడితే సరిపోయింది. పద్నాలుగు మందికి నాలుగేసి, ఒకరికి మూడు, ఇంకొకరికి రెండు. అరవై ఒకటి.

"పదారైనా కుక్కలు కుక్కలే గదా," అన్నాడు ధనరాజు.

"అవును బాబూ. అందులో ముగ్గుర్ని కరిసింది మీ కొట్టుకాడ కుక్కే. బెల్టు కడతారు గానీ గొలుసు కట్టరు," అంది తాతమ్మ మామూలుగా. త్రినాథ్ పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వు దాచుకున్నాడు.

కుక్కల్ని పట్టుకెళ్లే కాగితం ఇక రాయొద్దని తాతమ్మ అంటుందనుకుంది అర్చన. ఆమె అనలేదు. భోజనం డబ్బా తెరిచి మళ్లీ మూసింది. వచ్చినవాళ్ల లెక్క తెలిసింది, రానివాళ్ల సంగతేమిటని ఆమెకు అన్నం సయించలేదు. ఎండలో బయల్దేరి రేవు సందులన్నీ తిరిగింది. గుమ్మం గుమ్మం దగ్గర ఒకే మాట: "మీ ఇంట్లో ఎవులికైనా కుక్క కరిసిందేటి?" మజ్జిగ ఇచ్చినచోట తాగింది, కూర్చోమన్నచోట కూర్చోలేదు.

చివరి వరుసలో కూర్మయ్య వల బాగుచేసుకుంటున్నాడు. మోకాలి కింద గుడ్డ కట్టు, దాని మీద ఎండిన నాలుగు నెత్తుటి చుక్కలు.

"ఏటి మావా ఆ కట్టు?"

"నత్తగుల్ల గీరుకుంది."

"గుల్లకి నాలుగు పళ్లుంటాయేటి? ఇప్పు."

అతను విప్పాడు. గాయం మీద సొంతవైద్యంగా అద్దిన కారం ఎండిపోయి ఉంది. కరిచి ఐదు రోజులైందన్నాడు.

"ఎల్లుండి సేపల ఏటకెళ్లాల. నాలుగు పాల్లు ఆస్పత్రికి తిరగడం నావల్ల కాదే."

"ఏట ఎక్కడికీ పోదు. నువ్వు లేవకపోతే నానూ ఈ వల మీదే కూకుంటాను. ఎలా కడతావో కట్టుకో."

చెప్పినట్టే కూర్చుంది. కూర్మయ్య నవ్వలేక నవ్వుతూ లేచాడు.

ఆసుపత్రిలో తాతమ్మ సబ్బుతో పావుగంట గాయం కడిగింది. అర్చన సూది వేస్తున్నంతసేపూ అతని జబ్బ పట్టుకుని, ఈసారి వలలో ఏం పడ్డాయో చెప్పమంది. అతను కోనాం చేప దగ్గరికి వచ్చేసరికి అంతా అయిపోయింది. సూది లేకుండా వేటకు వెళ్లిపోయి ఉంటే రేబిస్ వచ్చినా వచ్చేదని అర్చనకు తెలుసు. పేరు రాసింది. పదిహేడు.

"లెక్క తగ్గించినావనుకుంటే పెంచుకొచ్చినావేటే," అన్నాడు వ్యాను కోసం అక్కడే కాచుకున్న త్రినాథ్.

"ఉన్నోణ్ణి వొదిలేసి రాస్తే అదీ తప్పే గదా బాబూ."

మూడింటికి వ్యాను వచ్చింది. అర్చన కాగితం రాయకపోవడంతో కుక్కల్ని తీసుకెళ్లలేదు. అర్చన ఫోన్లు చేస్తే పశువుల డాక్టరు కూడా వచ్చి, వాటికే సూదులు వేశాడు. ధనరాజు తన కుక్కను తానే పట్టుకొచ్చి వరసలో నిలబడ్డాడు. పేపరు వాళ్లకు అర్చన అసలు లెక్క పంపింది. మర్నాడది ఏడో పేజీలో నాలుగు లైన్లలో వచ్చింది.

అవి తాతమ్మకు చదివి వినిపించాలని అర్చన పెందలాడే వచ్చింది. ఎప్పుడూ తాతమ్మ దగ్గరుండే తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంది. తాతమ్మకు అరవై నిండాయనీ, నిన్నటితో ఆమె పని అయిపోయిందనీ, సన్మానాలంటే సిగ్గని ఎవరికీ చెప్పలేదనీ, తెల్లారగట్ల బస్సుకే టెక్కలిలో చెల్లెలి దగ్గరికి వెళ్లిందనీ అతను చెప్పాడు.

అర్చన సూదుల గది తలుపు తీసింది. కుర్చీ మీద ఉతికి మడతపెట్టిన తాతమ్మ ఆకుపచ్చ కోటు ఉంది. దాని జేబులో, ఏడ్చే పిల్లల కోసం, కాగితం విప్పని నిమ్మ పిప్పరమెంట్లు గుప్పెడు.