సంతకం చోటు

పనితనం పరీక్షించే అసెసర్ పొద్దున పదింటికి వస్తానన్నాడు. వెర్నన్ ఇంకా చీకటి ఉండగానే లేచి, సంచీలోని పనిముట్లన్నీ వంటింటి బల్ల మీద పరిచి, మళ్ళీ సర్ది, మళ్ళీ పరిచాడు. వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చిన అతని భార్య లోర్నా కోటు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి చూసింది.

"మళ్ళీనా?"

"టెస్టర్ పెట్టానో లేదోనని."

"చేతిలోనే ఉంది కదయ్యా."

"ఉంది."

"ఇవాళ నీ పేరు ఎలక్ట్రీషియన్ల రిజిస్టర్లోకి ఎక్కితే చాలు. నువ్వు చేసిన పనికి నువ్వే సర్టిఫికెట్ ఇచ్చుకోవచ్చు. ఇంకొకడి దగ్గర చేతులు కట్టుకు నిలబడే పని ఉండదు," అంది లోర్నా. ముసలివాళ్ళకు సూప్ తాగించేటప్పుడు ఆమె గొంతు ఇలాగే ఉంటుందేమో అనుకున్నాడు వెర్నన్. ఆమె మేడమీదికి వెళ్తూ సగం మెట్ల మీద ఆగింది. "సంతకం పెట్టు. అంతే. మిగతాదంతా నీకొచ్చు."

అంతకుముందు ఇంగ్లండులోని గ్రిమ్స్‌బీ రేవు పక్క చేపల ఫ్యాక్టరీలో అతని ఉద్యోగం ముళ్ళు వెతకడం. కింద దీపం వెలిగే బెల్టు మీద తెల్లటి చేప ముక్కలు ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. వేలితో తడిమి, ముల్లు తగిలితే పీకెయ్యాలి. అందరూ అతన్ని మంచి పనివాడనేవారు. ఏ ముక్కలోనూ ముల్లు లేదని అతనికి ఒక్కసారి కూడా నమ్మకం కుదరలేదన్న సంగతి ఎవరికీ తెలియదు. నమ్మకం కుదిరేలోపే బెల్టు ముక్కను లాక్కుపోయేది. నిర్ణయం బెల్టుది. అతనికి అది హాయిగా ఉండేది.

ముళ్ళను తనంతట తానే చూసే యంత్రం వచ్చి అతన్ని ఇంటికి పంపింది. ఇంట్లో ఏ వస్తువుకీ బెల్టు లేదు. పొయ్యి కట్టేశాడో లేదో చూడటానికి వీధి చివరి నుంచి వెనక్కి వచ్చేవాడు. వెనక తలుపు, కుళాయి, మళ్ళీ పొయ్యి. లోర్నా కారులో కూర్చుని అద్దంలోంచి అటువైపు చూస్తూ ఉండేది. డాక్టరు దానికి ఒక పేరు చెప్పాడు, మాత్రలు రాశాడు.

కరెంటు పని నేర్పే సాయంత్రం క్లాసులో మాస్టారు మొదటి రోజే చెప్పిన మాట విని వెర్నన్‌కి కళ్ళు చెమర్చాయి. స్విచ్చి ఆపి, దానికి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. టెస్టర్ బతికే ఉందని ముందు నిరూపించుకోవాలి. తర్వాత తీగ చచ్చిందని, అంటే అందులో కరెంటు లేదని, చూడాలి. ఆ తర్వాత టెస్టర్ ఇంకా బతికే ఉందని మరోసారి చూడాలి, ఎందుకంటే మధ్యలో అది చచ్చిపోయి ఉండొచ్చు. డాక్టరు జబ్బన్న దాన్ని ఇక్కడ పద్ధతి అంటున్నారు. క్లాసులో అందరికంటే వయసులో పెద్దవాడు, అందరికంటే బాగా నేర్చుకున్నవాడు అతనే.

అసెసర్‌కి చూపించడానికి పూర్తయిన పని ఒకటి ఉండాలి. పక్కింటి ముసలావిడ మావిస్ ఇంట్లో పాత ఫ్యూజు బోర్డు తీసేసి కొత్తది బిగించాడు. రిజిస్టర్లో లేనివాడు చెయ్యాల్సినట్టు ఊరి కౌన్సిల్‌కి ముందే తెలియజేశాడు. కొలతలన్నీ సర్టిఫికెట్లో నింపాడు.

అసెసర్ పేరు ఆస్క్యూ. భారీ మనిషి, జలుబుతో ఉన్నాడు, బుగ్గలో పిప్పరమెంటు. మావిస్ ఇంటి మెట్ల కింద టార్చి వేసి బోర్డు చూసి, మూత తీయించి లోపల చూసి, ఈల వేశాడు.

"తీగలు ఇలా దువ్వి పెట్టినవాణ్ణి ఈ మధ్య చూళ్ళేదండీ."

"నేను ముందే చెప్పాను," అంది మావిస్ వంటింట్లోంచి. "ఈ అబ్బాయి నా ఇంట్లో గడిపినంతసేపు మా ఆయన కూడా గడపలేదు."

ఆస్క్యూ నవ్వుతూ సర్టిఫికెట్ తిరగేశాడు. నవ్వు ఆగింది. "సంతకం ఏదీ?"

"ఇంకొక్కసారి చూసి పెడదామని," అన్నాడు వెర్నన్.

"సరే, చూడండి. నేనూ అదే చూడాలి."

వెర్నన్ మెయిన్ స్విచ్చి ఆపి తాళం వేశాడు. టెస్టర్ బతికే ఉంది. తీగ చచ్చింది. టెస్టర్ ఇంకా బతికే ఉంది. కొలతలు తీశాడు, అన్నీ కాగితం మీద ఉన్నవే. ఆస్క్యూ తలూపాడు. అప్పుడు వెర్నన్‌కి తోచింది: టెస్టర్ మొదట చూసినప్పుడు బతికి, మధ్యలో ఒక్క క్షణం చచ్చి, చివర మళ్ళీ బతికి ఉంటే? అసంభవమని తెలుసు. ఆ తెలియడం ఎక్కడో దూరంగా, వేరే మనిషి తలలో ఉన్నట్టుంది. మొదటి నుంచీ మళ్ళీ చేశాడు. మళ్ళీ. ఆస్క్యూ పిప్పరమెంటు నమలడం ఆపాడు.

"దేనికోసం ఎదురు చూస్తున్నారు వెర్నన్ గారూ?"

"ఖాయమవ్వాలని."

"అది అవదండీ. నాకూ ఎప్పుడూ అవలేదు. ఒకచోట ఆపి సంతకం పెడతాం. ఆ ఆపడమే మన పని." ఆస్క్యూ తన కలం తీసి ఇచ్చాడు.

వెర్నన్ కలం పట్టుకున్నాడు. సంతకం చోటు పైన అచ్చువేసిన వాక్యం చదివాడు. ఈ పనికి బాధ్యుడినైన నేను, నాకు తెలిసినంతవరకు. తనకు తెలిసింది ఏమిటి? గోడలోపల మావిస్ పుట్టకముందు వేసిన తీగల దారులు, ఎలుకలు, తడి. కలం మొన కాగితానికి తగిలి చిన్న చుక్క పడింది. చేయి దాన్ని దాటి కదల్లేదు.

ఆస్క్యూ ఇంకో పిప్పరమెంటు విప్పి, అది కరిగేదాకా ఆగాడు. మంచివాడు. తర్వాత కాగితాలు సంచీలో పెట్టుకున్నాడు.

"మీ పనిలో తప్పు లేదు. అదే నాకు బాధగా ఉంది. కానీ సంతకం పెట్టని మనిషి పేరు రిజిస్టర్లో ఎలా ఎక్కించను? పెట్టగలను అనిపించినప్పుడు మళ్ళీ పిలవండి." తలుపు దగ్గర అతను వెర్నన్ భుజం తట్టబోయి మానుకున్నాడు.

కరెంటు లేక ఇల్లంతా చల్లబడింది. మావిస్ శాలువా కప్పుకుని మెట్ల కిందికి తొంగి చూసింది.

"ఏంటి నాయనా, నా కెటిల్ ఇంకా ఉలకదు పలకదు?"

"ఒక్క నిమిషం మావిస్. ఇంకోసారి చూసి వేస్తాను."

"నా ఇంటికి తాళం వేసి చెవి నీ జేబులో పెట్టుకున్నావు. చూసుకో, ఈ ఇల్లు నాదో నీదో." ఆమె చేయి చాపింది. నవ్వుతూ చాపింది గాని, అతను కదలకపోవడం చూసి ఆ నవ్వు పోయింది. "ఇలా ఇయ్యి వెర్నన్."

ఇచ్చాడు. ఆమె తాళం తీసి, స్విచ్చి పైకి నెట్టింది. దీపాలు వెలిగాయి. ఫ్రిజ్ గొణిగింది.

"చూశావా? ఏమీ కాలేదు," అంది.

ఇంకా కాలేదు, అనుకున్నాడు వెర్నన్.

తర్వాతి వారం రిజిస్టర్లో పేరున్న కుర్రవాడొకడు వచ్చి మావిస్ బోర్డుకి సర్టిఫికెట్ ఇచ్చి వెళ్ళాడు. వెర్నన్ చెత్తబుట్ట బయట పెడుతుంటే మావిస్ గుమ్మంలోంచి కేకేసింది. "నీ పనికి వంక పెట్టలేదోయ్! మూత కూడా తియ్యలేదు. నిలబడ్డచోటే సంతకం చేసేశాడు." అతను సంతోషిస్తాడని ఆమె ఉద్దేశం. అతను చేయి ఊపాడు.

లోర్నా ఇప్పుడు ఏమీ అడగదు. డ్యూటీకి వెళ్ళేముందు పొయ్యి తనే చూసి, చూశానని చెప్పి వెళ్తుంది. అతను తలూపుతాడు. సాయంత్రాలు మావిస్ ఇంటికీ తమ ఇంటికీ మధ్యనున్న గోడకు కుర్చీ ఆనించి కూర్చుంటాడు. అవతల టీవీ మోగుతూ ఉంటుంది, ఎవరో నవ్వుతూ ఉంటారు. మోగినంతసేపు ఊపిరి ఆడుతుంది. మావిస్ దాన్ని కట్టేసి పడుకోవడానికి వెళ్ళినప్పుడు, కట్టింది ఆమేనా, కరెంటు పోయి దానంతటదే ఆగిందా అని గోడకు చెవి పెట్టి, మెట్ల మీద ఆమె అడుగులు వినబడేదాకా అలాగే ఉంటాడు. ఒక్కోసారి వినబడతాయి. అప్పుడు, తాను విన్నది అడుగులేనా అని మొదలవుతుంది.